పెద్దంకెనే నమ్మాను

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా టీం లీడు ఓ మాట చెప్పేవాడు. "యూజరు ఎప్పుడూ తప్పు కాదు. కానీ టికెట్టు ఎప్పుడూ మన తప్పు కాదు" అని. అప్పట్లో పడీ పడీ నవ్వాం. ఆరేళ్ళ తర్వాత ఆ మాట గుర్తొస్తే నవ్వు రావట్లేదు. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగు కథే, ఓపిక చేసుకోండి.

నేను పనిచేసేది ఆర్థిక సమాచారం అమ్మే కంపెనీలో. పేరు అనవసరం, హైదరాబాదులో ఇలాంటివి చాలానే ఉన్నాయి. షేర్ల ధరలు, కంపెనీల ఫలితాలు, ఎవరి చేతిలో ఎంత వాటా ఉంది, ఏ పరిశ్రమ ఎటు పోతోంది, ఇవన్నీ ఒక చోట చేర్చి ఫండ్లకీ బ్రోకరేజీల్లో కూర్చునే రీసెర్చి అనలిస్టులకీ ఇస్తాం. అందులో నా వాటాకి వచ్చిన ముక్క కార్పొరేట్ యాక్షన్స్. అంటే బోనస్‌లు, స్ప్లిట్‌లు, డివిడెండ్లు, డీమెర్జర్లు. కంపెనీ ఏదైనా చేసినప్పుడు పాత అంకెల్ని కొత్త అంకెలతో పోల్చడానికి వీలుగా సర్దే కోడు నాది.

షేర్ల గొడవ తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. 1:1 బోనస్ అంటే మీ దగ్గరున్న ఒక్కో షేరుకీ ఇంకో షేరు ఊరికే ఇస్తారు. ఊరికే అంటే నిజంగా ఊరికే కాదు. వందనోటు మార్చి రెండు యాభైలు ఇవ్వడం లాంటిది. షేర్లు రెట్టింపవుతాయి, ధర సగమవుతుంది, మీ జేబులో మొత్తం అంతే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఏంటంటే, ధర సగమయ్యేది ఒక రోజు, రెండో యాభై మీ చేతికొచ్చేది ఇంకో రోజు. మొదటి దాన్ని ఎక్స్-డేట్ అంటారు. కొత్త షేర్లు డీమ్యాట్ ఖాతాలో పడేది ఆ తర్వాత. ఈ మధ్యలో మీ స్క్రీన్ మీద ఏం కనబడుతుంది? పాత లెక్కన షేర్లు, కొత్త లెక్కన ధర. అంటే సగం డబ్బు మాయం!

ఇది మాకు కొత్త సంగతి కాదు. ఈ విషయం మీద మాకు టికెట్లు వస్తూనే ఉంటాయి. "ఎక్స్-డేట్ నాడు మా పోర్టుఫోలియో విలువ సగం చూపిస్తోంది, చూడండి" అని. నేనే స్వయంగా నాలుగు మూసేశాను. ప్రతిదానికీ ఒకటే జవాబు, కాపీ పేస్టు. "మా దగ్గరున్న హోల్డింగు డేటా ప్రకారం సాఫ్టువేరు సరిగ్గానే పనిచేస్తోంది. వివరాలకు ఈ హెల్ప్ పేజీ చూడగలరు." స్టేటస్: యాజ్ డిజైన్డ్. క్లోజ్డ్. స్ప్రింటు చివర బర్న్-డౌన్ చార్టు చక్కగా కిందికి దిగేది.

ఇహ అసలు కథ.

మా నాన్నగారు తెనాలిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. పెన్షనూ గట్రా ఏం లేవు. ఆయనకి షేర్ల సరదా చాలా కాలం నుంచీ ఉంది. సరదా అంటే రోజూ కొని అమ్మే రకం కాదు. ఏడాదికి ఒకటో రెండో కొనడం, ఇక వాటిని చూసుకుంటూ కూర్చోవడం. నా చిన్నప్పుడు పొద్దున్నే పేపర్లో బిజినెస్ పేజీ తీసి, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉండే ధరల పట్టికలోంచి తన షేర్ల ధరలు ఒక లాంగ్ నోటుబుక్కులో రాసుకునేవారు. ఎర్ర గీత కొట్టిన మార్జిన్లో తేదీ, పక్కన ధర, చివర ఎప్పుడైనా బోనసో డివిడెండో వస్తే చిన్న వ్యాఖ్య.

ఆ పుస్తకంలో 2009 జనవరి పేజీ నాకు బాగా గుర్తు. అప్పుడు నేను ఆరో తరగతి. జనవరి 6న సత్యం కంప్యూటర్స్ 179.10. జనవరి 7న 39.95. ఆ రోజే రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లని చూపిస్తే, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని. నాన్నగారికి 170 షేర్లుండేవి. ముప్పై వేలు ఒక్క రోజులో ఏడు వేలయ్యాయి. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు ఎన్ని భోజనాలు ఆలస్యమయ్యాయో లెక్క లేదు. అందులో పనిచేసేవాళ్ళ ఇళ్ళు సరేసరి, పిల్లాడికి అందులో ఉద్యోగం వస్తే చాలనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

మా వృత్తికి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. 2009 జనవరి 6న ఏ రీసెర్చి సాఫ్టువేరు తెరిచినా సత్యం లెక్కలు శుభ్రంగా ఉండేవి. చేతిలో నగదు బోలెడు, నిష్పత్తులన్నీ ముచ్చటగా. సాఫ్టువేరులో బగ్ ఏం లేదు. కంపెనీ ఏ అంకె ఇస్తే అదే చూపించింది. అంటే సరిగ్గా పనిచేసే సాఫ్టువేరు కూడా తప్పుడు అంకెని చాలా అందంగా చూపించగలదు. ఆడిట్ సంతకం ఉన్న అంకెకీ, నిజమైన అంకెకీ తేడా మా డేటాబేసుకి తెలీదు.

అయినా నాన్నగారు ఆ షేర్లు అమ్మలేదు. 2013లో టెక్ మహీంద్రాలో కలిపినప్పుడు 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. నోటుబుక్కులో లెక్క వేసుకున్నారు: 170కి 20. 2015లో టెక్ మహీంద్రా 1:1 బోనసూ ఇచ్చి, పది రూపాయల షేరుని అయిదు రూపాయలకి చీల్చింది కూడా. మళ్ళీ లెక్క: 20 కాస్తా 80. ఇదంతా చేత్తోనే. ఇవాళ చాలా యాప్‌లలో సత్యం అని వెతికితే ఆ పేరే దొరకదు. చచ్చిపోయిన కంపెనీలని జాబితాలోంచి తీసేస్తారు. తీసేశాక మిగిలినవాటితో లెక్క వేస్తే మార్కెట్లో అందరూ బాగుపడ్డట్టే కనిపిస్తుంది. దీనికి మా వాళ్ళు సర్వైవర్‌షిప్ బయాస్ అని పెద్ద పేరు పెట్టారు. నాన్నగారి నోటుబుక్కులో మాత్రం సత్యం ఇంకా ఉంది.

ఇంత ముచ్చటైన నోటుబుక్కుని మాన్పించిన మహానుభావుణ్ణి నేనే. 2023 దసరాకి ఇంటికెళ్ళినప్పుడు కొత్త ఫోను కొనిచ్చి, అందులో ఓ బ్రోకరు యాప్ పెట్టి, "ఇంకా ఈ పుస్తకాలేంటి నాన్నగారూ, అన్నీ ఇందులోనే కనిపిస్తాయి" అన్నాను. ఆయన ఒకటికి రెండుసార్లు అడిగారు. "అన్నీనా?" అని. "అన్నీ" అన్నాను. ఇంజనీరింగ్ చదివిన కొడుకు, పైగా అదే పనిలో ఉన్నవాడు చెప్పాక నమ్మక ఏం చేస్తారు?

ఆ పుస్తకంలో చివరి పెద్ద లెక్క 2023 జూలైది. రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పటిది. జూలై 20న పొద్దున ప్రత్యేకంగా గంటసేపు ధర తేల్చే సెషను పెట్టారు. ముందు రోజు 2,841.85 ఉన్న రిలయన్స్ 2,580 దగ్గర తేలింది. తేడా 261.85 జియో ఫైనాన్షియల్ ధర అనుకున్నారు. మనం మొదట పెట్టిన ఖర్చుని మాత్రం రెండు ముక్కలు చెయ్యాలి. రిలయన్స్‌కి 95.32 శాతం, కొత్తదానికి 4.68 శాతం అని కంపెనీ చెప్పింది. నాన్నగారు 2021లో 40 రిలయన్స్ షేర్లు తలా రెండు వేలకి కొన్నారు. ఎనభై వేలు. పుస్తకంలో 80,000ని 95.32తో గుణించి 76,256 అని రాసి, రెండు గీతలు కొట్టి ఉంది. యాప్‌లో ఇప్పటికీ 80,000 అనే ఉంది, అది వేరే సంగతి.

2024లో రిలయన్స్ 1:1 బోనస్ ప్రకటించింది. రికార్డు తేదీ అక్టోబరు 28, సోమవారం. ఇప్పుడు మన దేశంలో సెటిల్‌మెంటు ఒక్క రోజే కాబట్టి ఎక్స్-డేట్ కూడా అదే రోజు. శుక్రవారం రిలయన్స్ 2,655 దగ్గర ముగిసింది. నాన్నగారి 40 షేర్ల విలువ 1,06,200. యాప్‌లో లాభం 26,200 అని పచ్చగా. సోమవారం పొద్దున తొమ్మిదింబావుకి మార్కెట్ తెరిచాక ధర 1,335 ప్రాంతం. షేర్లు 40. విలువ 53,400. నష్టం 26,600, మైనస్ ముప్పైమూడు శాతం అని ఎర్రగా, స్క్రీను మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో.

నాన్నగారు 9:27కి మొత్తం 40 అమ్మేశారు.

ఇది నాకు ఆ రోజు తెలీదు. బుధవారం రాత్రి దీపావళికి బయల్దేరబోతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న నా మోకాలి ఆపరేషను ఉగాది దాకా ఆపుదామంటున్నారు రా. డాక్టరుగారు నవంబరులో తేదీ ఇచ్చారు కదా. ఎందుకో అడిగితే చెప్పట్లేదు. నువ్వు మాత్రం ఏం అడక్కు." అడక్కు అని చెప్పడానికే ఫోన్ చేసిందంటే అడగమనే అర్థం. అమ్మల భాష మనకి తెలిసిందే :)

అమ్మ అప్పటికి ఏడాదిన్నరగా మెట్లెక్కట్లేదు. పూజ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఆపరేషనుకి నేనిస్తానంటే నాన్నగారు ఒప్పుకోలేదు. "నీకు ఇంటి లోను ఉంది, నా దగ్గర ఉంది" అన్నారు. ఆయన దగ్గరున్నదంటే ఆ రిలయన్సే.

దీపావళి నాడు మధ్యాహ్నం ఫోన్ అడిగి తీసుకుని ఆర్డర్ హిస్టరీ చూశాను. చూడగానే విషయం నాకు సెకనులో అర్థమైంది. ఆయనకి మూడు రోజులుగా అర్థం కాలేదు. అదీ అసలు బాధ.

"నాన్నగారూ, బోనస్ ఇస్తారని మీకు తెలుసు కదా?"

"తెలుసు. బోనస్ అంటే షేర్లు పెరగాలి కదరా. నలభై నలభైగానే ఉన్నాయి. ధర మాత్రం సగమైంది. అంటే ఇది బోనస్ కాదు, ఇంకేదో అయిందనుకున్నాను. సత్యానికీ ఇలాగే అయింది."

"పైన ఆ రోజు మార్పు అని ఒక అంకె ఉంటుంది చూడండి. అది ఆ రోజు పచ్చగానే ఉండుంటుందే."

"ఉంది. చూశాను. ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా. రెండిట్లో ఏది నమ్మాలో నాకెలా తెలుస్తుంది? పెద్దంకెనే నమ్మాను."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు సబబు. బోనస్ రోజున ఎక్స్ఛేంజీ బేస్ ధరని సగానికి సర్దేస్తుంది. అందుకే ఆ రోజు మార్పు సరిగ్గా వస్తుంది. మన మొత్తం లాభనష్టం మాత్రం ఖాతాలో ఉన్న షేర్ల సంఖ్యతో లెక్కేస్తారు. అది ఇంకా మారలేదు. రెండు అంకెలు రెండు వేరే చోట్ల నుంచి వచ్చి ఒకే స్క్రీను మీద పక్కపక్కన కూర్చున్నాయి. కోడు రాసేవాడికి ఇది తెలుసు. చూసేవాడికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. అమ్మేటప్పుడు మూడు స్క్రీన్లు దాటాడు మనిషి. పిన్ అడిగారు, ఓటీపీ అడిగారు, ఖాయమేనా అని కూడా అడిగారు. "మీకు ఇంకో 40 షేర్లు రావాల్సి ఉంది" అని ఒక్క చోట కూడా లేదు.

"సత్యం అప్పుడు అంత పడ్డా అమ్మలేదు కదా, ఇప్పుడెందుకు కంగారుపడ్డారు?" అనడిగాను. బుద్ధి లేని ప్రశ్న, అడిగాక తెలిసింది.

"అప్పుడు నాకు ఉద్యోగం ఉంది. ఇప్పుడు మీ అమ్మ మోకాలుంది" అన్నారు.

పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడంటారు. ఈయన సగం గ్లాసు దగ్గర ఆగారు, అంతే తేడా.

నిజానికి నష్టం ఏమీ లేదు. శుక్రవారం దాకా ఆయన దగ్గర షేర్లున్నాయి కాబట్టి బోనస్ 40 ఆయనకే వస్తాయి, సోమవారం పాతవి అమ్మేసినా సరే. అమ్మిన డబ్బు 53,400, రాబోయే 40 షేర్లు ఇంకో 53,400. కాయితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని మళ్ళీ తను వేసుకున్నారు. లెక్కల మాస్టారు కదా, ఇంకొకరి లెక్క ఊరికే నమ్మరు. (నమ్మిన ఒక్కసారీ ఇలా అయింది.) తర్వాత ఆ షేర్లు ఖాతాలో పడ్డాయి కూడా. పన్ను లెక్క మాత్రం కాస్త వంకరైంది. అమ్మినవి పాత షేర్లు కాబట్టి వాటి మీద కాయితం నష్టం, మిగిలినవి బోనస్ షేర్లు కాబట్టి వాటి ఖర్చు సున్నా, ఎప్పుడు అమ్మినా వచ్చిందంతా లాభం కిందే లెక్క. అదేం పెద్ద మొత్తం కాదు.

ఏమాటకామాటే, ఆ డిసెంబరుకల్లా ధర 1,200 ప్రాంతానికి దిగింది. అంటే ఆయన కంగారులో అమ్మింది మంచి ధరకే. అయితే మాత్రం? కళ్ళు మూసుకుని రోడ్డు దాటినవాడు అవతలికి క్షేమంగా చేరితే రోడ్డు బాగున్నట్టు కాదు కదా.

పోయింది డబ్బు కాదు. మూడు రోజులు ఆ మనిషి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, తన తప్పు వల్ల భార్య ఇంకో ఆర్నెల్లు కుంటాలని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినాయన "నాకు ఇవన్నీ ఇక అర్థం కావు లేరా" అన్నారు. ఆ వాక్యం ఏ లాభనష్టాల పట్టికలోనూ రాదు.

తిరిగొచ్చే రైల్లో నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. 2020 జూన్‌లో అమెరికాలో 20 ఏళ్ళ విద్యార్థి ఒకడు రాబిన్‌హుడ్ యాప్‌లో ఆప్షన్స్ ట్రేడు చేశాడు. ఒక కాలు సెటిలై రెండోది ఇంకా సెటిలవ్వని సమయంలో యాప్ అతనికి మైనస్ 7 లక్షల 30 వేల డాలర్లు చూపించింది. అది అతని నిజమైన అప్పు కాదు, దారిలో ఉన్న అంకె. ఆ కుర్రాడు సపోర్టుకి మెయిలు పెడితే యంత్రం పంపే జవాబే వచ్చిందని తర్వాత కుటుంబం వేసిన దావాలో ఉంది. అతను ప్రాణం తీసుకున్నాడు. 2021 జూన్‌లో అక్కడి నియంత్రణ సంస్థ ఫిన్రా ఆ కంపెనీకి జరిమానా, పరిహారం కలిపి సుమారు 7 కోట్ల డాలర్లు వేసింది. వినియోగదారులకి తప్పుదారి పట్టించే సమాచారం ఇవ్వడం దానికి చెప్పిన కారణాల్లో ఒకటి. అప్పట్లో ఈ వార్త చదివి "అయ్యో" అనుకుని వదిలేశాను. ఆ రైల్లో మాత్రం నేను పంపిన నాలుగు కాపీ పేస్టు జవాబులూ కళ్ళ ముందు కదిలాయి.

నాన్నగారు వాడింది మా సాఫ్టువేరు కాదు. కానీ మాది చేసేదీ అదే.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఆ నాలుగు టికెట్లూ మళ్ళీ తెరిచాను. ప్రొడక్టు మేనేజరు "మన కస్టమర్లు ప్రొఫెషనల్స్, వాళ్ళకి ఎక్స్-డేట్ అంటే తెలుసు, ఇది లో ప్రయారిటీ" అన్నాడు. ఆయన అన్నదీ పూర్తిగా తప్పు కాదు. ఇంతకుముందు ఓ క్లయింటు ఆఫీసులో బ్లూంబెర్గ్ టెర్మినల్ చూశాను. నల్ల స్క్రీను మీద నారింజ రంగు అక్షరాలు, చూడ్డానికి మన పాత రైల్వే రిజర్వేషను కౌంటర్లా ఉంటుంది. కానీ అందులో సీఏసీఎస్ అని కొడితే ఆ కంపెనీ చేసిన కార్పొరేట్ యాక్షన్స్ అన్నీ వరసగా వస్తాయి. డీపీడీఎఫ్ అని కొడితే చార్టులో ధరని దేనికి సర్దాలి, దేనికి వద్దు అని మనమే ఎంచుకోవచ్చు. హెల్ప్ మీట రెండుసార్లు నొక్కితే అవతల మనిషి పలుకుతాడు. కాకపోతే ఒక్కో సీటుకి ఏడాదికి పాతికవేల డాలర్ల పైమాటే. అంత డబ్బు కట్టేవాడికి అంకె వెనక కథ ఇస్తారు. ఉచిత యాప్ వాడేవాడికి అంకె ఒక్కటే ఇస్తారు, దానికి రంగు వేసి మరీ ఇస్తారు. మేము మధ్యరకం. డబ్బు తీసుకుంటాం, కథ హెల్ప్ పేజీలో దాస్తాం.

సరే, వాదనలెందుకని ఒక టికెట్టు పెట్టిన ఆవిడకి ఫోన్ చేశాను. ముంబైలో ఓ చిన్న ఫండులో అనలిస్టు. ఆరేళ్ళలో నేను యూజరుతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన విషయమే. ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది, అందుకే ఇంకా తగిలింది.

"మీరు పంపిన హెల్ప్ పేజీ చదివాను. మీ సాఫ్టువేరు ఎందుకలా చేస్తుందో అందులో ఉంది. నేనేం చెయ్యాలో లేదు" అంది.

మరి ఏం చేస్తున్నారని అడిగాను. "మీ స్క్రీను పక్కన ఎప్పుడూ ఒక ఎక్సెల్ తెరిచి ఉంటుంది. బోనసో స్ప్లిటో ఉన్న వారం మీ అంకెలు చూడం, ఎక్సెల్లో చేత్తో వేసుకుంటాం. మా టీములో అందరూ అంతే" అంది. కొత్తగా చేరిన ఓ కుర్రాడికి ఈ సంగతి తెలీక సగం విలువతో క్లయింటుకి రిపోర్టు పంపేశాడట. తిట్లు తిన్నది వాడు. టికెట్టు పెట్టింది ఆవిడ. మూసేసింది నేను.

అంటే ప్రొఫెషనల్స్ కూడా మమ్మల్ని నమ్మట్లేదు. వాళ్ళ దగ్గరా ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది, కాకపోతే దానికి గళ్ళుంటాయి. లక్షలు పోసి కొన్న సాఫ్టువేరు పక్కన ఎక్సెల్ తెరుచుకుని కూర్చున్నారంటే అది వాళ్ళ అలవాటు కాదు, మన మీద టికెట్టు. మనం చదవని టికెట్టు.

ఈ మాటలు మేనేజరుకి చెప్పాక కొంచెం మెత్తబడ్డాడు. రెండు స్ప్రింట్లు పట్టింది. చేసింది పెద్ద పనేం కాదు. ఎక్స్-డేట్ దాటి, షేర్లు ఇంకా జమకాని రోజుల్లో మొత్తం లాభనష్టాన్ని ఎర్రగానూ పచ్చగానూ కాకుండా బూడిద రంగులో చూపిస్తాం. కింద పసుపు రంగులో ఒక గీత: "బోనస్ షేర్లు ఇంకా రావాల్సి ఉంది. అవి కూడా కలిపితే విలువ ఇంత." అంతే. బ్యాకెండులో ఆ సమాచారం మొదటినుంచీ ఉంది. అడిగినవాడు లేక అక్కడే పడుంది.

మొత్తానికి నేర్చుకున్నవి నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇలాంటి పనిలోనే ఉన్నవాళ్ళకి ఉపయోగపడొచ్చు.

1. ఒకే స్క్రీను మీద రెండు అంకెలు రెండు వేరే చోట్ల నుంచి వస్తుంటే, అవి ఒకదానికొకటి ఎదురుతిరిగే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు ఏం చూపించాలో ముందే అనుకోండి. అనుకోకపోతే మనిషి పెద్ద అక్షరాల్ని నమ్ముతాడు.

2. దారిలో ఉన్న అంకెకి రంగు వెయ్యకండి. ఎరుపు అంటే తీర్పు. విచారణ జరుగుతుండగా తీర్పు చెప్పకూడదు.

3. పాత ధరలు సర్దినవా, సర్దనివా అన్నది చార్టు మీదే రాయండి. బోనస్‌కి సర్ది డీమెర్జర్‌కి సర్దకపోతే అదీ రాయండి.

4. "యాజ్ డిజైన్డ్" అని మూసే ముందు ఆ టికెట్టు పెట్టిన మనిషికి ఒక్కసారి ఫోన్ చెయ్యండి. డిజైను సరిగ్గా ఉన్నా మనిషి ఇబ్బంది పడ్డాడంటే ఎక్కడో ఏదో ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి యాప్‌లు పెట్టిచ్చిన నాలాంటి వాళ్ళకి ఇంకో మాట. మన సెబీ 2024 సెప్టెంబరులో ఒక సర్క్యులరు ఇచ్చింది. అక్టోబరు 1 నుంచి ప్రకటించే బోనస్‌లలో రికార్డు తేదీ తర్వాత రెండో పనిదినానికల్లా కొత్త షేర్లు ట్రేడింగుకి రావాలని. రిలయన్స్ బోనస్ ప్రకటన దానికన్నా ముందుది. ఇప్పుడా ఖాళీ బాగా తగ్గింది, మంచిదే. కానీ పూర్తిగా పోలేదు. నాన్నగారికి పట్టింది రెండు రోజులు కాదు, పన్నెండు నిమిషాలు. అందుకని మీవాళ్ళ షేర్లకి బోనసో స్ప్లిటో ఉంటే ముందు రోజు ఒక ఫోన్ కొట్టండి. "రేపు సగం కనిపిస్తుంది, కంగారుపడకండి" అని. అంతకన్నా మంచి నోటిఫికేషను నాకు తెలిసి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అమ్మ ఆపరేషను నవంబరులోనే అయింది. ఇప్పుడు పూజ గదిలో కుర్చీ ఉంది కానీ దాని మీద పూల బుట్ట ఉంటోంది. నాన్నగారు కొత్త లాంగ్ నోటుబుక్కు కొన్నారు. పేపర్లో కాకుండా యాప్‌లో చూసి రాసుకుంటున్నారు. మొన్న వెళ్ళినప్పుడు తిరగేశాను. 2024 అక్టోబరు 28 అని రాసి, పక్కన "40 + 40 = 80. యాప్ తప్పు. నేనూ తప్పు" అని ఉంది.

ఆ రెండో వాక్యం కొట్టేయమని అడిగాను. "నువ్వు మీ ఆఫీసులో ఏదో పసుపు గీత పెట్టావన్నావే, అది అన్నిట్లోనూ వచ్చాక కొట్టేస్తాలే" అన్నారు.

మీ సాఫ్టువేరు పక్కన మీ యూజర్లు ఏ నోటుబుక్కు పెట్టుకున్నారో మీకు తెలుసా?